పెద్దల జ్ఞాపకాలకీ దిగుబడి అంకెలకీ పొంతన లేదు: విశాఖ తీరం వేట మీద సలహా కావాలి

భీమిలి_రేవు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. భీమిలి నుంచి పూడిమడక దాకా ఉన్న జాలారి, వాడబలిజ మత్స్యకార పల్లెల్లో పెద్దవాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేస్తున్నాం. వేటలో ముప్ఫై, నలభై ఏళ్ళు గడిపినవాళ్ళు దాదాపు అందరూ ఒకే సంగతి చెబుతున్నారు. తెప్పల కాలంలో పది, పదిహేను బారల (బార అంటే చేతులు చాచిన పొడవు) లోతు నీళ్ళలోనే కోనాం (వంజరం చేప) పడేదట. ఇప్పుడు ఫైబర్ బోటు వేసుకుని నలభై బారలు దాటినా నమ్మకం లేదట. చేప సైజు కూడా తగ్గిందంటున్నారు.

తీరా సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) రాష్ట్ర అంచనాలు తీసి గ్రాఫు గీస్తే, దశాబ్దాల మీద మొత్తం దిగుబడి పెరిగినట్టే కనిపిస్తోంది. మధ్యలో ఎగుడుదిగుళ్ళున్నా పోకడ మాత్రం పైకే.

నా సందేహాలు మూడు. ఈ రెంటిలో దేన్ని నమ్మాలి? మాటల్లో ఉన్న జ్ఞాపకాన్ని పట్టికలోకి ఎలా ఎక్కించాలి? ఎక్కించాక ఏ విశ్లేషణ చేస్తే న్యాయంగా ఉంటుంది?

---

లెక్కల_పద్దు:

రెండూ నమ్మండి. అవి వేర్వేరు విషయాలు కొలుస్తున్నాయి. మొత్తం దిగుబడి అంటే ఒడ్డుకు చేరిన చేప. మీ పెద్దలు చెప్పేది ఒక మనిషి, ఒక వల, ఒక చోటు సంగతి. ఈ రెంటి మధ్య ఉన్నది వేట శ్రమ, అంటే ఎన్ని బోట్లు, ఎంత పొడవు వల, ఎన్ని గంటలు, ఎంత దూరం. దాన్ని పక్కన పెడితే ఏ గ్రాఫూ అర్థం కాదు.

ఊహించిన అంకెలతో చూపిస్తాను. అప్పట్లో 400 మీటర్ల వల నాలుగు గంటలు నీళ్ళలో ఉంచితే 40 కిలోలు వచ్చాయనుకోండి. వెయ్యి మీటర్లకు గంటకు 25 కిలోలు. ఇప్పుడు 2,000 మీటర్ల వల పది గంటలు ఉంచితే 60 కిలోలు. వెయ్యి మీటర్లకు గంటకు 3 కిలోలు. ఒడ్డున తూకం ఒకటిన్నర రెట్లయింది, వలకు అందే చేప మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోయింది. మీ గ్రాఫూ నిజమే, తాతల మాటా నిజమే.

ఈ భాగహారాన్ని కూడా మరీ గట్టిగా పట్టుకోకండి. వల నీళ్ళలో ఉన్న గంటలు రెట్టింపైతే చేప రెట్టింపు కాదు. వల నిండేకొద్దీ పట్టు తగ్గుతుంది. నూలు వల పోయి నైలాన్ వల, అది పోయి సన్నటి ఒంటి పోగు వల వచ్చాయి. ఒంటి పోగు వల నీళ్ళలో చేపకు కనపడదు కాబట్టి అదే పొడవుకు ఎక్కువ పడుతుంది. కాబట్టి వల రకం, కన్ను సైజు రాయకుండా పొడవు ఒక్కటే రాస్తే తగ్గుదలను నిజానికంటే తక్కువగా చూపిస్తారు.

ఇక సీఎంఎఫ్‌ఆర్‌ఐ అంకెలు. వాళ్ళ పద్ధతి గట్టిది. తీరాన్ని జోన్లుగా విడదీసి, రేవులను, రోజులను యాదృచ్ఛికంగా ఎంచుకుంటారు. రేవుకు వచ్చిన బోట్లు 15 లోపు ఉంటే అన్నిటినీ చూస్తారు, దాటితే నమూనా తీస్తారు. కానీ అది జోనుకి, రాష్ట్రానికి సరిపోయే అంచనా. దాన్ని చీల్చి ఒక పల్లెకు అంటగడితే తప్పవుతుంది. ఇంకా చూసుకోవాల్సినవి:

– విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో దిగిన చేప విశాఖ ఎదురుగా పట్టిందే కానక్కర్లేదు. రోజుల తరబడి వేటాడే మరబోట్లు ఎక్కడో పట్టి ఇక్కడ దించుతాయి. దిగిన చోటూ పట్టిన చోటూ ఒకటేననుకోవడం ఈ తరహా విశ్లేషణల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు.

– ఒకప్పుడు సముద్రంలోనే పారేసిన చిన్నాచితకా చేపకు ఇప్పుడు చేపపిండి మిల్లులు ధర కడుతున్నాయి, అది ఒడ్డుకు వస్తోంది. సముద్రంలో ఏమీ పెరగకపోయినా దిగుబడి పెరిగినట్టు కనిపించడానికి ఇదొక కారణం.

– తూర్పు తీరంలో వేట నిషేధం ముందు ఏప్రిల్ 15 నుంచి మే 31 వరకే. 2015 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఏడాది మొత్తాలను అటూ ఇటూ నేరుగా పోల్చకండి, నెలవారీ అంకెలు దొరికితే అవే వాడండి. నిషేధం ఎత్తేసిన తొలి వారాల్లో పట్టు అమాంతం లేస్తుంది. ఆ వారాలను సగటులో కలిపితే లెక్క పాడవుతుంది.

– జిల్లా అంకెలు తీసుకుంటే 2022 ఏప్రిల్ విభజన గుర్తుంచుకోండి. పూడిమడక ఇప్పుడు అనకాపల్లి జిల్లా. 2014 రాష్ట్ర విభజనతో మాత్రం సముద్ర చేపల లెక్కకు ఇబ్బంది లేదు, తెలంగాణకు తీరం లేదు కదా.

బోట్ల సంఖ్యకు 1980, 2005, 2010, 2016 మత్స్యకార జనగణనలు ఉన్నాయి. మధ్య ఏళ్ళకు గీత గీసి పూరించకండి. ఇంజన్లు ఎప్పుడు వచ్చాయో మీ పెద్దలే చెప్పగలరు. ఏ పల్లెలో మొదటి ఇంజన్ ఏ ఏడు, సగం బోట్లకు ఎప్పటికి వచ్చాయి, ఎన్ని హార్స్‌పవర్ అన్నది అడిగితే జనగణనల మధ్య ఖాళీ నిండుతుంది. జ్ఞాపకాలూ అంకెలూ నిజంగా కలిసేది అక్కడే.

---

మౌఖిక_చరిత్ర:

పై సమాధానంతో ఏకీభవిస్తాను, ఒక్కటి తప్ప. ప్రతి జ్ఞాపకాన్నీ కిలోల్లోకి మార్చాలని చూడకండి. మనిషికి కిలోలు గుర్తుండవు. గుర్తుండేవి మూడు: ఎక్కడ పట్టాడు, ఎంత పెద్ద చేప, ఏ చేప పూర్తిగా కనపడకుండా పోయింది. ఈ మూడింటి మీద మీ శ్రమ పెట్టండి.

అడిగే వరుస. చేపలు తగ్గాయా అని ఎప్పుడూ మొదలుపెట్టకండి. ప్రశ్నలోనే జవాబు ఉంది, అందరూ తగ్గాయనే అంటారు. మొదటిసారి వేటకు వెళ్ళిన రోజులు, ఎవరి తెప్ప, ఎంతమంది కలాసీలు (బోటు పనివాళ్ళు), ఏ వల, పొద్దున ఎన్నింటికి బయలుదేరారు, చేరడానికి ఎంతసేపు, ఎన్ని బారల నీళ్ళు... ఇలా వెళ్ళాలి. చేప సంగతి దానంతట అదే వస్తుంది.

ఏడాది పట్టుకోవడం. 'చాలా ఏళ్ళ కింద' అన్నదాన్ని అలా వదిలేయొద్దు. మీ తీరానికి గట్టి ఆనవాళ్ళు: 2004 డిసెంబరు 26 సునామీ, 2014 అక్టోబరు 12 హుద్‌హుద్. శ్రీకాకుళం వైపు వెళితే 2018 అక్టోబరు తిత్లీ. 1977 దివిసీమ ఉప్పెన, 1996 కోనసీమ తుపాను ఆయా తీరాల వాళ్ళకు పనికొస్తాయి గానీ విశాఖలో వాటితో ఏడు కట్టొద్దు, విన్నదీ చూసిందీ కలిసిపోతాయి. సొంత ఆనవాళ్ళు ఇంకా మంచివి: పెళ్ళి, పెద్దబిడ్డ పుట్టుక, మొదటి నైలాన్ వల, మొదటి ఇంజన్. పెద్ద సంఘటనలను మనుషులు ఉన్నదానికంటే దగ్గరగా జరుపుకుని గుర్తుపెట్టుకుంటారు. అందుకే ఒకే విషయాన్ని రెండు వేర్వేరు ఆనవాళ్ళతో అడిగి, తేడా వస్తే రెండు ఏళ్ళూ రాయండి. మీరే మధ్యలో ఒకటి తేల్చేయొద్దు.

లోతూ దూరమూ. బార అంటే చేతులు చాచిన పొడవు, దాదాపు 1.8 మీటర్లు. పదిహేను బారలంటే 27 మీటర్లు, నలభై అంటే 72. లోతు తెలిస్తే నావిక పటంలో సమలోతు గీతతో పోల్చి తీరం నుంచి దూరం తీయొచ్చు. చోటును వాళ్ళు కొండ గుర్తులతో చెబుతారు: డాల్ఫిన్ నోస్ ఒకవైపు, సింహాచలం కొండ ఒకవైపు, ఈ రెండూ ఫలానా వాటితో వరసకు వచ్చిన చోటు. గదిలో కూర్చుని మ్యాపు మీద పెట్టమంటే కిలోమీటర్ల తేడా వస్తుంది. వీలైతే వాళ్ళతోనే బోటులో వెళ్ళి ఆ చోట జీపీఎస్ నొక్కాలి. కొత్త భవనాలు అడ్డొచ్చి కొన్ని గుర్తులు ఇప్పుడు కనపడవు. అలాంటప్పుడు రెండు గీతల్లో ఒకటే దొరికిందని పట్టికలో రాయండి.

సైజు. అంగుళాలు, సెంటీమీటర్లు అడగొద్దు. గుర్తులేమీ లేని తాడు ఇచ్చి, ఆ రోజుల్లో మామూలుగా పడే కోనాం ఎంతుండేదో పట్టి చూపించమనండి. తర్వాత మీరు టేపుతో కొలవండి. మూర, జానెడు అని చెబితే ఆయన మూరనే కొలవాలి, పుస్తకంలో మూర కాదు. 'మామూలు చేప', 'అన్నిటికన్నా పెద్ద చేప' విడివిడిగా అడగండి.

పేరు. కోనాం, వంజరం అన్న పేర్ల కింద ఒకటికి మించి జాతులు దూరతాయి. ఒంటి మీద సన్నటి నిలువు చారలున్నది ఒకటి, గుండ్రటి మచ్చలున్నది ఇంకొకటి. చారలది చాలా పెద్దగా పెరుగుతుంది. కుర్రవాళ్ళు మచ్చలదాన్ని, పెద్దలు చారలదాన్ని తలచుకుంటూ ఉంటే, సైజు తగ్గిందన్నది జాతి మారడం కూడా కావచ్చు. కాబట్టి ఫొటోలు తప్పనిసరి. ఆ కట్టలో ఇక్కడ ఎన్నడూ దొరకని చేపలు రెండు పెట్టండి, అట్లాంటిక్ కాడ్ లాంటివి. దాన్ని కూడా చూశానన్న మనిషి జాబితాను తీసేయనక్కర్లేదు, లెక్కలో ఆయన మాటకు ఇచ్చే బరువు మాత్రం తగ్గించాలి.

కనుమరుగైన వాటి గురించి. రంపం లాంటి మూతి ఉన్న పెద్ద చేప గురించి తప్పకుండా అడగండి. అలాంటి అరుదైన చేప రాష్ట్ర దిగుబడి పట్టికల్లో విడిగా కనపడటం కష్టం, చివరిసారి ఎప్పుడు కనపడిందో మనుషులకే తెలుసు. అయితే అది 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పట్టడం నేరమయ్యే జాబితాలో ఉంది. ఈమధ్య వలలో పడిన సంగతి ఎవరైనా చెబితే పేరు, ఊరు, గొంతు ఏవీ బయటకు వెళ్ళకూడదు. చేపల గుంపును చుట్టేసి పట్టే రింగు వలల సంగతీ అంతే, ఆ గొడవలు ఇంకా ఆరలేదు. మంచి వేట చోట్లు కూడా వాళ్ళ ఆస్తే. బయటపెట్టే మ్యాపులో ఐదు కిలోమీటర్ల గడులకు తగ్గించి చూపించండి.

చివరిగా పట్టికలో ఒక గడి తప్పకుండా ఉంచండి: కళ్ళారా చూసిందా, తండ్రి చెప్పగా విన్నదా. రెండూ విలువైనవే, కానీ కలిపేస్తే ఏడు అనే మాటకు అర్థం ఉండదు.

---

భీమిలి_రేవు:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. రెండు చోట్ల ఆగిపోయాను. ఒకటి, చాలామంది నెలలు చెప్పరు, కార్తెలు చెబుతారు. కొందరు కార్తీకం, మాఘం అంటారు. రెండు, 'మీ జీవితంలో అన్నిటికన్నా మంచి వేట ఏ ఏడు, ఎంత పడింది' అని అందరినీ అడిగాం. వయసు పెరిగేకొద్దీ జవాబు పెద్దగా ఉంది. ఇది తగ్గుదలకు రుజువు అనుకోవచ్చా?

---

లెక్కల_పద్దు:

కార్తె చెప్పడం మీ అదృష్టం. కార్తెలు సూర్యుడి నడకను బట్టి వస్తాయి, ఏడాదికి 27, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. మృగశిర ఏటా జూన్ 7, 8 ప్రాంతంలోనే మొదలవుతుంది, ఆరుద్ర 21, 22 ప్రాంతంలో. అంటే నెల కంటే సన్నటి కొలత ఉచితంగా దొరికినట్టు. కార్తె పేరు అలాగే ఒక గడిలో రాసి పక్క గడిలో తేదీల హద్దు పెట్టండి. చాంద్రమాసాలు అలా కుదరవు. ఏటా పదకొండు రోజులు వెనక్కి జరిగి, అధిక మాసంతో మళ్ళీ ముందుకు వస్తాయి. ఏడు తెలిస్తేనే వాటిని తేదీల్లోకి మార్చాలి, తెలియకపోతే రెండు నెలల హద్దు ఇవ్వాలి. అమావాస్య, పౌర్ణమి చెబితే అవి కూడా రాయండి. వెన్నెల రాత్రి గిల్‌నెట్ (నీళ్ళలో తెరలా నిలబెట్టే వల) పట్టు వేరుగా ఉంటుంది.

రెండో ప్రశ్నకు జవాబు: ఆ ప్రశ్నతో అనుకోకూడదు. నలభై ఏళ్ళు వేటాడినవాడి 'అన్నిటికన్నా మంచి రోజు' వేల రోజుల్లోంచి ఏరినది. ఐదేళ్ళ కుర్రవాడిది కొన్ని వందల్లోంచి. సముద్రం ఇసుమంత మారకపోయినా పెద్దాయన అంకే పెద్దదవుతుంది. చాలా అధ్యయనాలు ఇక్కడే జారతాయి. అందరికీ సమానమైన కిటికీ ఇవ్వండి: వేటకు దిగిన మొదటి ఐదేళ్ళలో మంచి రోజు, మామూలు రోజు, చెడ్డ రోజు. ఇప్పటికే రికార్డు చేసినవాళ్ళ దగ్గరకు ఈ మూడింటి కోసం మళ్ళీ వెళ్ళక తప్పదు. మూడు అంకెలు ఉంటే పట్టు ఎంత నుంచి ఎంత దాకా ఉండేదో ఒక అంచనా వస్తుంది, ఒక్క గొప్ప రోజు లెక్కను లాక్కుపోదు.

తరాల మధ్య తేడా మాత్రం నిజమైన విషయమే. ఒక్కో తరం తాను వేట మొదలుపెట్టిన రోజుల సముద్రాన్నే మామూలు అనుకుంటుందని మత్స్య శాస్త్రవేత్త డానియల్ పాలీ 1995లో రాశారు. 2005లో ప్రచురించిన కాలిఫోర్నియా సింధుశాఖ (మెక్సికో) అధ్యయనంలో 108 మంది మత్స్యకారులను మూడు తరాలుగా అడిగారు. ఒకప్పుడు పుష్కలంగా ఉండి తరిగిపోయాయని వృద్ధులు చెప్పిన జాతులు, కుర్రవాళ్ళు చెప్పినవాటికి ఐదు రెట్లు, చోట్లు నాలుగు రెట్లు. మీరు కూడా చేపల పేర్లు, చోట్ల పేర్లు లెక్కపెట్టండి, కిలోల కంటే అది నిలుస్తుంది.

పట్టిక ఆకారం: ఒక్కో వరుసలో ఒక మనిషి, ఒక కాలం, ఒక చేప, ఒక వల. గడులు: కోడ్ నంబరు, పల్లె, పుట్టిన ఏడు, వేటకు దిగిన ఏడు, చెప్పిన ఏడు తక్కువ హద్దు, ఎక్కువ హద్దు, కార్తె, బోటు, హార్స్‌పవర్, వల రకం, పొడవు, కన్ను, గంటలు, లోతు బారల్లో, పట్టు వాళ్ళ కొలతలో, చూసిందా విన్నదా, రికార్డింగులో నిమిషం. ఆఖరిది మరవకండి, సందేహం వస్తే ఆ గొంతు దగ్గరకే తిరిగి వెళ్ళాలి. బుట్ట, తట్ట అన్న కొలతను అలాగే ఉంచి, కిలోలు వేరే గడిలో రాయండి. బుట్ట కవ్వళ్ళూ (సార్డిన్ చేపలు) బుట్ట సావళ్ళూ (రిబ్బన్ చేపలు) ఒక బరువు కావు. ఆయా చేపతో నింపి తూచి, పల్లెకొక మార్పిడి పట్టిక చేసుకోండి.

విశ్లేషణ: శ్రమకు తగ్గ పట్టును (వెయ్యి మీటర్ల వలకు గంటకు కిలోలు) లాగ్ (సంవర్గమానం) తీసుకుని, ఏడాది, వల రకం, ఋతువు స్థిర ప్రభావాలుగా (అందరికీ ఒకేలా వర్తించేవి), మనిషి, పల్లె యాదృచ్ఛిక ప్రభావాలుగా (ఒక్కొక్కరికీ వేరయ్యేవి) పెట్టి మిశ్రమ మోడల్ వేయండి. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో ఎల్‌ఎంఈ4 ప్యాకేజీ చాలు. వయసు, ఏడు, పుట్టిన ఏడు మూడూ ఒకేసారి పెట్టకండి, రెండు తెలిస్తే మూడోది తెలిసిపోతుంది కాబట్టి మోడల్ విడదీయలేదు. ఏడుకు హద్దులే ఉన్న వరుసలకు, ఆ హద్దుల్లోంచి యాదృచ్ఛికంగా ఏడు తీసి వెయ్యిసార్లు మోడల్ నడపండి. తగ్గుదల ప్రతిసారీ నిలిస్తే అప్పుడు మాట్లాడొచ్చు. అంకెలు 10, 20, 50, 100 దగ్గర గుట్టలు పడతాయి. అది మామూలే, కానీ రెండు శాతం తేడాల మీద వాదన కట్టకండి.

గుంపుగా తిరిగే కవ్వళ్ళు, కానాగంతల (మాకెరెల్ చేపల) విషయంలో మరో జాగ్రత్త. సముద్రంలో చేప తగ్గినా మిగిలినది గుంపుగానే ఉంటుంది, గుంపు దొరికితే వల నిండుతుంది. పట్టు రేటు చివరిదాకా బాగానే కనిపించి ఒక్కసారిగా పడిపోతుంది. వీటికి కిలోల కంటే గుంపు కోసం ఎన్ని గంటలు తిరిగారు, ఎన్నిసార్లు ఖాళీగా వచ్చారు అన్నదే సూచిక.

నూనె కవ్వళ్ళ గురించి మీ పెద్దలు ఇవి మా చిన్నప్పుడు లేవు అంటే కొట్టేయకండి. 1985కు ముందు ఆ చేప దాదాపు అంతా మలబారు తీరంలోనే దొరికేది. తర్వాత ఉత్తరానికీ తూర్పు తీరానికీ విస్తరించిందని సీఎంఎఫ్‌ఆర్‌ఐ శాస్త్రవేత్తలు నమోదు చేశారు. అన్నీ తగ్గాయి అన్న ఒక్క మాటలో ఇలాంటివి మునిగిపోతాయి.

ఉష్ణోగ్రతతో పోల్చాలనిపిస్తే ఉపగ్రహ ఉపరితల ఉష్ణోగ్రత 1981 చివరి నుంచి ఉంది, నీటి పచ్చదనం (నీళ్ళలోని సూక్ష్మ మొక్కల కొలత) 1997 నుంచి. రెండు వరసలూ పైకి పోతుంటే సహసంబంధం దానంతట అదే వస్తుంది. ముందు పోకడ తీసేసి, మిగిలిన ఎగుడుదిగుళ్ళు కలుస్తున్నాయేమో చూడండి.

---

రేవు_పాట:

మీ జాబితాలో మగవాళ్ళే ఉన్నట్టున్నారు. చేపను తూచింది, అమ్మింది, ఎండబెట్టింది ఆడవాళ్ళు. ఏ చేప ఎప్పుడు రేవుకు రావడం మానేసింది, ఎండు చేపకు ఒకప్పుడు పెట్టని రకాలు ఎప్పటి నుంచి పెడుతున్నారు అన్నది వాళ్ళే చెప్పగలరు. బోటు మీదున్న మనిషికి తన వల తెలుసు, రేవులో కూర్చున్న అమ్మకు ఊరి వలలన్నీ తెలుసు. వాళ్ళను విడిగా, మగవాళ్ళు లేనప్పుడు అడగండి.

రెండోది, కాగితాలు. పట్టు పాలు పంచుకునేటప్పుడు బోటుకు ఇంత, వలకు ఇంత, కలాసీకి ఇంత అని రాసుకున్న పుస్తకాలు, అడ్వాన్సు ఇచ్చిన షావుకారు చిట్టాలు చాలా ఇళ్ళలో ఉంటాయి. పదేళ్ళ చిట్టా ఒక్కటి దొరికినా జ్ఞాపకం ఎంత ఎక్కువ చెబుతోందో, ఎంత తక్కువ చెబుతోందో సరిచూసుకోవచ్చు. అప్పుల వివరాలు ఉంటాయి కాబట్టి ఫొటో తీసేముందు పేర్ల వరుసను కాగితంతో మూయండి. చిట్టాలో డీజిల్, ఐసు ఖర్చు ఉంటే ఇంకా మంచిది, దూరం పెరిగిన సంగతి డీజిల్ లీటర్లే చెబుతాయి.

ధర మీద లెక్క కట్టేటప్పుడు మూడు ఉచ్చులున్నాయి. మృగశిర కార్తె నాడు హైదరాబాద్ గిరాకీతో ధర లేస్తుంది, దానికీ సముద్రానికీ సంబంధం లేదు. కార్తీకంలో తినేవాళ్ళు తగ్గి ధర పడుతుంది. అది చాంద్రమాసం కాబట్టి ఒక ఏడు అక్టోబరులో ముందుగా, ఇంకో ఏడు నవంబరులో ఆలస్యంగా తగులుతుంది. మూడోది, పాత రూపాయిని ఇప్పటి రూపాయితో పోల్చడానికి చాలామంది బియ్యంతో కొలుస్తారు, కోనాం ఒకటి అమ్మితే ఎన్ని కిలోల బియ్యం వచ్చేవని. మంచి కొలతే. కానీ 1983లో కిలో రెండు రూపాయల రేషన్ బియ్యం వచ్చింది, దాన్ని కలపకుండా బజారు బియ్యం అనే అడగాలి.

వేట మానేసినవాళ్ళను కూడా వెతకండి. ఇప్పటికీ రేవులో దొరికేవాళ్ళంటే వేటలో నిలదొక్కుకున్నవాళ్ళు. నిలవలేనివాళ్ళు గుజరాత్‌లోని వెరావల్‌కో చెన్నైకో వలస పోయారు, కొందరు కూలికి దిగారు. ఒక పెద్దాయన ఇంకో పెద్దాయనను చూపిస్తూ పోయే పద్ధతిలో వీళ్ళు ఎప్పటికీ తగలరు. పల్లె పాత సహకార సంఘం సభ్యుల జాబితా దొరికితే అందులోంచి చీటీ తీసి ఎంచుకోండి, ఊళ్ళో లేనివాళ్ళకు ఫోన్ చేయండి. సంక్రాంతికి, ఊరి అమ్మవారి పండగకు చాలామంది ఇంటికి వస్తారు, ఆ వారంలో రికార్డింగ్ పెట్టుకుంటే పని తేలిక.